తడవని దారి

బస్సు దిగి మా బ్లాకు వైపు నడుస్తుంటే వాన అందుకుంది. నేను తడవలేదు. సింగపూర్‌లో మేముండే హౌగాంగ్‌లో మా బస్‌స్టాపు దగ్గర మొదలై లిఫ్టు గుమ్మం దాకా కప్పు వేసిన నడకదారి ఉంది. ఆ రేకు మీద వాన పడుతుంటే పక్కనున్న మనిషి మాట కూడా వినపడదు. ఆఫీసుల్లో అలిసిపోయి వచ్చే నాలాంటివాళ్ళంతా ఫోన్లు చూసుకుంటూ దాని కింద నడిచిపోతారు. ఒక్కచోట మాత్రం నా నడక దానంతటదే తగ్గుతుంది. అక్కడ నేల పలకల రంగు మిగతావాటికంటే కాస్త కొత్తగా ఉంటుంది. ఒకప్పుడు అక్కడ పెద్ద నిద్రగన్నేరు చెట్టుండేది. వాన వెలిశాక కూడా చాలాసేపు తన వాన తాను కురిపిస్తూనే ఉండేది. ఈ రేకు చప్పుడు వింటే నాకు ముందు ఆ చెట్టు గుర్తొస్తుంది, ఆ వెంటనే రత్నమ్మ ఆంటీ గుర్తొస్తారు. ఆ చెట్టుని ఆవిడ ప్రేమించినంతగా ఎవరూ ప్రేమించలేదు. అది పోక తప్పదని నలుగురిలో చెప్పింది కూడా ఆవిడే.

ఆవిడ మా వరసలోనే, రెండు తలుపుల అవతల ఒంటరిగా ఉండేవారు. రిటైరైన నర్సు. పుట్టింది మలేషియాలో, పేరాక్ వైపు ఒక కొబ్బరి ఎస్టేట్‌లో. తాతముత్తాతలు శ్రీకాకుళం నుంచి ఓడెక్కి వచ్చారు. ఆ ఓడలో వచ్చిన తెలుగే ఆవిడ నోట్లో మిగిలింది, మధ్యలో కాస్త తమిళం, కాస్త మలయ్, బోలెడంత ఇంగ్లీషు కలిపి. మేము ఈ ఇంట్లో దిగిన వారంలోనే నా తలుపు తట్టారు. చేతిలో శుభ్రంగా కడిగిన ప్లాస్టిక్ డబ్బా ఒకటి ఉంది. ముందురోజు నేను చెత్తలో పడేసినదే.

"ఏటమ్మా, ఇంత మంచి డబ్బా పారేసినావు? మూత కూడా ఉంది, సూడు."

నాకు ఒళ్ళు మండింది. మన చెత్త ఇంకొకరు చూస్తే ఎవరికైనా మండుతుంది. పైగా నేను చేసే ఉద్యోగమే పర్యావరణానిది. ఆ సంగతి కాస్త గొప్పగానే చెప్పాను. ఆవిడ కళ్ళు పెద్దవి చేసి విని, "అయితే నీకు నాను సెప్పక్కర్లేదు లా," అని ఇక్కడందరూ మాట చివర తగిలించే 'లా'తో ముగించి, డబ్బా నా చేతిలో పెట్టి వెళ్ళిపోయారు. వెటకారం చేశారేమోనని రెండు రోజులు ఆలోచించాను. ఆవిడకు వెటకారం రాదని తెలుసుకోవడానికి చాలాకాలం పట్టింది. మనసులో ఏదుంటే అదే నోట్లో ఉండేది. అది అలవాటయ్యేదాకా ఎదుటివాళ్ళకి కొంచెం ఇబ్బందే.

నా ఉద్యోగం సంగతి చెప్పాలి. చదువుకోవడానికి ఈ దేశం వచ్చినప్పుడు క్లెమెంటిలో చిన్న గది అద్దెకు తీసుకుని, సముద్రపు ఒడ్డున మడ అడవుల మీద పరిశోధన చేశాను. మోకాళ్ళ దాకా బురదలో దిగబడి, దోమలకు విందు భోజనం పెట్టి, కాలికి బలపం కట్టుకుని తిరిగాను. నేను పనిచేసిన అడవి ముక్క నా డిగ్రీ చేతికి రాకముందే చదునైపోయింది. ఆ తర్వాత ఇంకొకటి పోయింది. చివరికి తంజోంగ్ పగార్‌లో ఒక ఆఫీసులో కుదురుకున్నాను. కంపెనీలు భూమికి ఎంత మేలు చేస్తున్నాయో అందంగా రాసిపెట్టడం నా పని. జీతం మంచిదే. ఇంటికొచ్చేసరికి మాత్రం ఒంట్లో సత్తువంతా ఎవరో పిండేసినట్టుండేది. ఆ రోజుల్లో నాకు దేనిమీదా నమ్మకం లేదని అందరితోనూ అనేదాన్ని, అదేదో నా తెలివికి గుర్తన్నట్టు.

ఆదివారం పొద్దున ఆంటీ ఇస్త్రీ చీర కట్టుకుని, గుడ్డసంచీ తగిలించుకుని ఎక్కడికో వెళ్ళేవారు. ఇంట్లో వాళ్ళమ్మ వదిలివెళ్ళిన దేవుడి పటాలున్నాయి, వాటి ముందు దీపం వెలుగుతుంది. మరి ఈ ఆదివారం ప్రయాణం ఎక్కడికని ఒకసారి అడిగేశాను. క్వేకర్ల దగ్గరికి అన్నారు. నర్సు చదువుకి ఇంగ్లండు వెళ్ళినప్పుడు ఆవిడ అద్దెకున్న ఇంటి పెద్దావిడ క్వేకరట. ఆవిడ వెంట ఒకరోజు ఊరికే వెళ్ళి కూర్చున్నారట. అప్పటినుంచి ఆ కూర్చోవడం మానలేదు.

"అంటే మీరు క్రిస్టియనా ఆంటీ?"

"ఎల్లి కూర్చుంటానమ్మా. అంతే. అందరిలోనూ ఓ వెలుగుంటదని వాళ్ళ నమ్మకం. నీలో ఉంది, నాలో ఉంది, లిఫ్టు పాడైతే ఫోన్ ఎత్తనోడిలో కూడా ఉంది. నోరు మూసుకుని కూర్చుంటే అది అగుపిస్తదంట."

"మీకు అగుపించిందా?"

"కొన్ని ఆదివారాలు నిద్రొస్తది," అన్నారు నవ్వుతూ.

ఆ మాటకే నేను వెంట వెళ్ళాను. ఎవరిదో ఫ్లాటులో ముందుగది. గుండ్రంగా వేసిన కుర్చీలు, కొద్దిమంది మనుషులు. పూజారి లేడు, పాట లేదు, పుస్తకం తెరిచినవాళ్ళు లేరు. అందరూ కళ్ళు దించుకుని కూర్చున్నారు. పంకా తిరుగుతోంది. పక్కింట్లో ఎవరో మూకుట్లో వెల్లుల్లి వేయిస్తున్నారు. నేను ఆఫీసులో సోమవారం ఇవ్వాల్సినదాని గురించి ఆలోచించాను, మా అమ్మాయి ట్యూషన్ గురించి ఆలోచించాను, వెల్లుల్లి గురించి కూడా ఆలోచించాను. మధ్యలో ఒకాయన లేచి, తన ఇంటి ముందు చెట్టు కొమ్మలు కొట్టేస్తే గూడు పోయిన పిట్ట రెండు రోజులు అక్కడే తిరిగిందనీ, తనకు ఏం చెయ్యాలో తెలియలేదనీ చెప్పి కూర్చున్నాడు. ఎవరూ జవాబు చెప్పలేదు. ఓదార్చలేదు. ఆ మాట గది మధ్యలో అలాగే ఉండిపోయింది. గంటయ్యాక ఒకరు పక్కవాళ్ళకు చెయ్యి అందించారు. అలా అందరూ ఒకరి చేతులు ఒకరు కలిపారు. అదే ముగింపు.

బస్సులో తిరిగొస్తూ, "ఇంతకీ ఏం జరిగింది ఆంటీ?" అని అడిగాను.

"ఏటీ జరగలేదా? మంచిది. వచ్చేవారం కూడా జరగదు, రా," అన్నారు.

భూమిని చూసుకోవడం అనేది ఆవిడకి ఆ కూర్చోవడంలో భాగమే, వేరే సంగతి కాదు. నాలాగా ఉపన్యాసాలు ఇచ్చేవారు కాదు. తిండి దుకాణాలన్నీ ఒకచోట ఉండే హాకర్ సెంటర్‌కి స్టీలు క్యారేజీ పట్టుకెళ్ళేవారు. అక్కడ నూడుల్స్ అమ్మేవాడు ఆవిణ్ణి చూడగానే క్యారేజీ కోసం చెయ్యి చాపేవాడు. పాత పంకాకి తానే నూనె వేసేవారు. ఇంట్లో ఏసీ లేదు. ఎవరైనా పెట్టించుకున్నారని చెబితే, "మీకు ఉక్కపోత ఎక్కువ కదా మా," అని నిజంగానే జాలిపడేవారు. అక్కర్లేనిది ఇంటికి తెచ్చుకుంటే ఇంకొకరి కంచంలోంచి తీసుకున్నట్టుంటదని మాత్రం ఒకసారి అన్నారు. అదీ నేను అడిగితేనే. సాయంత్రం కాగానే నిద్రగన్నేరు కింది బెంచీ మీద కూర్చునేవారు. మలయ్‌లో ఆ చెట్టుని ఐదుగంటల చెట్టు అంటారట, ఆ వేళకి ఆకులు ముడుచుకుంటాయి కనుక. ఆకులన్నీ ముడుచుకుని ఆకాశం కనబడేదాకా ఆవిడ లేచేవారు కాదు. నేను ఆఫీసు నుంచి వస్తూ పక్కన కూలబడేదాన్ని. మాట్లాడాలనిపిస్తే మాట్లాడేదాన్ని. ఎక్కువగా అనిపించేది కాదు. రోజు మొత్తంలో నేను ఎవరికీ ఏదీ అమ్మకుండా ఉన్న సమయం అదొక్కటే.

"చెట్టులో కూడా ఆ వెలుగు ఉంటుందా ఆంటీ?" అని అడిగాను ఒకరోజు.

"నాను ఉందంటే దానికి కొత్తగా వస్తదా, లేదంటే పోతదా?" అన్నారు.

కప్పుదారి వేస్తారన్న కబురు అలాంటి సాయంత్రాల మధ్యనే వచ్చింది. బస్‌స్టాపు నుంచి మా బ్లాకు దాకా. ఒక పక్క పెద్ద కాలువ, ఇంకో పక్క కార్లు తిరిగే రోడ్డు. మధ్యలో ఉన్న జాగాలోనే దారి పడాలి, ఆ జాగా అంతా చెట్టుదే. స్తంభాలకు గోతులు తీస్తే వేళ్ళు తెగుతాయి, అంత చెట్టు తర్వాత నిలబడదు, కాబట్టి కొట్టేయాల్సిందే. బ్లాకువాళ్ళంతా కలిసి వద్దంటే దారి వెయ్యబోమని, ఏ సంగతీ ఒక్క మాటగా చెప్పాలని మా ఇళ్ళ బాగోగులు చూసే ఎస్టేట్ ఆఫీసువాళ్ళు అన్నారు. ఆ ఒక్క మాట నా చేతిలో ఉందనుకున్నాను. అడవులు పోతుంటే చూస్తూ ఊరుకున్న దాన్ని, ఈ ఒక్క చెట్టుని పోనివ్వకూడదనుకున్నాను. అది కూడా పోతే ఇక ఈ ఉద్యోగం, ఈ మాటలు, అన్నీ కట్టిపెట్టేస్తానని మా ఆయనతో అన్నాను. ఊరికే అనలేదు. ఆఫీసు నుంచి వచ్చి అన్నం కూడా తినకుండా తలుపు తలుపూ తట్టాను. మా అమ్మాయి విసుక్కుంది: "ఇట్స్ జస్ట్ వన్ ట్రీ లా, అమ్మా." ఇరుగుపొరుగు చాలామంది నా మాటకే తలాడించారు. నీడ ఎవరికి చేదు?

మా బ్లాకు అడుగున ఇళ్ళు లేని ఖాళీ జాగాలో అందరం కూడాం. పెళ్ళిళ్ళకీ చావులకీ వాడుకునే చోటది. అందరిచేతా మాట్లాడించి సమావేశం నడపడానికి రత్నమ్మ ఆంటీ ఉంటే బాగుంటుందని అందరూ అన్నారు. ఆవిడ మీద ఎవరికీ కోపం లేదు కనుక. నాకు పండగే అయింది. చెట్టు ఆవిడదే, కుర్చీ కూడా ఆవిడదే. ఆవిడ మాత్రం కూర్చోగానే ఒక మాట చెప్పారు. చేతులెత్తించి లెక్కపెట్టడం ఉండదు. ఒకరు మాట్లాడాక ఇంకొకరు మాట్లాడేముందు కాసేపు ఆగాలి. అందరి మనసూ ఒకచోటికి వచ్చిందని తోచినప్పుడు తాను ఆ మాట పైకి చెబుతారు. కాదన్నవాళ్ళు కాదనొచ్చు. క్వేకర్లు ఏ నిర్ణయమైనా అలాగే చేస్తారట. కొంతమంది గడియారం చూసుకున్నారు.

నేను మాట్లాడాను. బాగా మాట్లాడాను. పిట్టలు, నీడ, వేడి, పిల్లలు, అన్నీ చెప్పాను. నా తర్వాత ఒకరి వెంట ఒకరు చెట్టు ఉండాలన్నారు. గొడుగులున్నాయి కదా అని ఒకరు నవ్వించారు. ఇక ఎవరూ లేవలేదు. ఆంటీ ఇప్పుడు చెబుతారని చూశాను. ఆవిడ చెప్పలేదు. అన్నం వేళయిందని ఇద్దరు ముగ్గురు లేచి వెళ్ళిపోయారు. ఆవిడ చూపు వెనక వరసలో కూర్చున్న లిమ్ అంకుల్ మీద ఉంది. మా పై అంతస్తు ఆయన. రోజూ పొద్దున పిట్ట పంజరం తెచ్చి ఆ చెట్టు కొమ్మకే తగిలించి, పాడమని దాన్ని బతిమాలుతూ కూర్చునే ముసలాయన. ఆయన ఎలాగూ చెట్టు వైపేనని నేను ఆయన తలుపు కూడా తట్టలేదు. ఆయన వంచిన తల ఎత్తలేదు. ఆవిడ అలాగే ఎదురుచూశారు. ఆ నిశ్శబ్దం నాకు ముల్లులా గుచ్చుకుంది.

చివరికి ఆయన నిలబడ్డారు. సింగపూర్ ఇంగ్లీషులో, నేల చూస్తూ చెప్పారు.

"నాకు కూడా ఆ చెట్టంటే ఇష్టం లా. కానీ నా భార్య డయాలిసిస్‌కి వెళ్ళాలి. వీల్‌చెయిర్. వాన వస్తే రెండు చేతులూ కుర్చీ తొయ్యడానికే కావాలి, గొడుగు ఎవరు పడతారు? తడిసిపోయి అక్కడ ఏసీలో అంతసేపు వణుకుతూ పడుకుంటుంది. టాక్సీ పిలిస్తే వానలో ఎవరూ రారు. తను ఎప్పుడూ ఏమీ అనదు. అందుకే నేనూ అనలేదు. మీరందరూ చెట్టు కావాలంటున్నారు. ఫర్వాలేదు. నేను వద్దనను."

కూర్చున్నారు. ఇందాక గొడుగుల మాట అన్నతను చెప్పుల వైపు చూసుకుంటున్నాడు. ఆంటీ కళ్ళు మూసుకున్నారు. తెరిచినప్పుడు ఆవిడ మొహం ఒక్కసారిగా ముసలిదైపోయినట్టు అనిపించింది. "దారి పడాలి. చెట్టు పోతుంది. నాకు తోచింది ఇదే. కాదన్నవాళ్ళు చెప్పండి," అన్నారు ఇంగ్లీషులో, మెల్లగా. చెప్పేసి నావైపు చూశారు. అందరూ నావైపే చూశారు. కాదనడానికి లోపల ఏదైనా దొరుకుతుందేమోనని వెతుక్కున్నాను. కోపం తప్ప ఏమీ దొరకలేదు. వద్దనను అని నేనూ తలాడించాను.

ఆ కోపమంతా లిఫ్టు ముందు ఆవిడ మీద చూపించాను. "లెక్కపెడితే గెలిచేవాళ్ళం. భూమిని చూసుకోవాలంటారే మీరు, చూసుకోవడం అంటే ఇదేనా?"

"నాకు ఏడుపొస్తంది మా," అన్నారావిడ. "కానీ లిమ్ భార్య కూడా భూమ్మీదే ఉంది కదా. చెట్టుని సూసినప్పుడు ఆమెని సూడకపోతే, నాను సూసింది ఏటి?"

"నాకు ఓపిక లేదాంటీ. ఎప్పుడూ ఓడిపోవడమే. ఇంక నావల్ల కాదు."

"నాకు మాత్రం ఉందా? అలిసిపోయినా. ఎస్టేట్‌లో మా నాన్న నాటిన కొబ్బరిచెట్లు కూడా లేవిప్పుడు. గెలుద్దామని ఎల్లితే అలుపు మరీ ఎక్కువమ్మా. ఆదివారం చెట్టు కింద కూర్చుందాం. రా."

వెళ్ళకూడదనుకుంటూనే వెళ్ళాను. కొట్టేసే ముందు ఆదివారం అది. ఆవిడ క్వేకర్ మిత్రులు మడత కుర్చీలు తెచ్చుకున్నారు. లిమ్ అంకుల్ భార్యను తోసుకుంటూ వచ్చారు. నేను ఆమెను దగ్గరగా చూడడం అదే మొదటిసారి. చిన్న మనిషి, మణికట్టుకి పట్టీ. పంజరం ఆమె ఒళ్ళో ఉంది. ఎవరూ మాట్లాడలేదు. ఆకులు రాలుతున్నాయి, ఆ చెట్టుకి ఎప్పుడూ రాలే అలవాటే. ఆమె తల వెనక్కి వాల్చి కొమ్మల్లోకి చూస్తూ కూర్చుంది. నేను ఏడ్చాను. ఎవరూ ఓదార్చలేదు, అది నాకు మేలే అయింది. గంటయ్యాక ఆమే ముందు నాకు చెయ్యి అందించింది. ఆ చెయ్యి చల్లగా ఉంది.

దారి పడింది. వానాకాలం ఒకటి వచ్చింది. లిమ్ అంకుల్ భార్యను దాని కింద తోసుకుంటూ వెళ్ళడం ఆఫీసుకి పోతూ చూసేదాన్ని. ఇంకో వానాకాలం రాకుండానే ఆమె చనిపోయింది. ఆ రోజు, అప్పుడు మేం కూడిన ఆ అడుగు అంతస్తులోనే తెల్ల గుడారం వేశారు. నేనూ ఆంటీ వెళ్ళి కూర్చుని వచ్చాం. పైకి వస్తూ నేను ఉండబట్టలేక అనేశాను. ఒక్క వానాకాలం కోసం అంత చెట్టు పోయింది కదా అని. అన్నాక నాకే సిగ్గేసింది.

ఆంటీ కోప్పడలేదు. లిఫ్టు తలుపు మూసుకునేదాకా ఆగి, "ఒక వానాకాలం తడవకుండా ఎల్లింది కదమ్మా," అన్నారు.

ఉద్యోగం మానేస్తానన్న దాన్ని మానలేదు. సాయంత్రాలు ఆంటీ పక్కన కూర్చోవడం అలవాటైపోయింది. చెట్టు లేకపోయినా ఆవిడ అదే చోట, కప్పు కింద వేసిన కొత్త బెంచీ మీద కూర్చునేవారు. తర్వాత ఆరోగ్యం చెడింది. చివరి నెలల్లో నేను వండినది ఆవిడ స్టీలు క్యారేజీలోనే తీసుకెళ్ళేదాన్ని. "నీ డబ్బా ఏటైంది, మళ్ళీ పారేసినావా?" అనేవారు నవ్వుతూ. పోయాక మలేషియా నుంచి చెల్లెలి పిల్లలు వచ్చి మన పద్ధతిలో దహనం చేశారు. తర్వాత ఆదివారం క్వేకర్లు కూర్చున్నారు. నేను లేచి ఏదో చెప్పాలనుకున్నాను. ఎన్నో సిద్ధం చేసుకున్నాను కూడా. చివరికి లేవలేదు.

ఆవిడ నాకేం నేర్పారని అడిగితే గొప్పగా చెప్పడానికేమీ లేదు. అలుపు పోలేదు. ప్రపంచం బాగుపడుతుందన్న ధైర్యమూ రాలేదు. ఎక్కడో చెట్టు రంపం చప్పుడు వినబడితే ఇప్పటికీ లేచి కిటికీలోంచి చూస్తాను. ఒక్కటి మారింది. తంజోంగ్ పగార్‌లో గాజు గదిలో అందరూ సరేనన్నాక, ఇంతవరకూ నోరు విప్పనిది ఎవరా అని నా చూపు వెతుకుతుంది. వాళ్ళు దొరికితే ఆగుతాను. ఇదొక రోగమని మా బాసు అంటాడు. కొన్నిసార్లు ఆగినందుకు నేను రాసినదంతా మళ్ళీ మొదటినుంచి రాయాల్సి వస్తుంది.

ఈ సాయంత్రం వాన ఇంకా పెద్దదైంది. బెంచీ మీద లిమ్ అంకుల్ ఉన్నారు, పక్కన పంజరం. పిట్ట ఈకలు ఉబ్బించుకుని కూర్చుంది. నేను సంచీ దించి ఆయన పక్కన కూర్చున్నాను. రేకు మీద చప్పుడుకి పలకరించినా వినపడదు, అందుకే పలకరించలేదు. కప్పు అంచునుంచి నీళ్ళు ధారగా పడుతుంటే ఇద్దరం చూస్తూ ఉండిపోయాం. చెట్టుంటే ఇక్కడ ఎంత చల్లగా ఉండేదో అనుకున్నాను. ఆయన కూడా అదే అనుకుంటున్నారేమో, లేక ఆమె గురించో. వాన తగ్గాక ఆయన నావైపు తిరిగి చెయ్యి చాపారు. కూర్చోవడం అయ్యాక చెయ్యి అందించే ఈ అలవాటు ఆయనకు ఎవరు చేశారో నాకు తెలుసు. ఆ చెయ్యి పట్టుకున్నాను. పొడిగా, వెచ్చగా ఉంది. చెట్టు కోసం నాకింకా ఏడుపొస్తుంది, కానీ ఆ చెయ్యి వదలబుద్ధి కాలేదు.